పెనం గదిలో రెండు గంటలకు

తొమ్మిదో తరగతి గదిని పిల్లలు పెనం అనేవారు. బడి మూడంతస్తులూ నిండిపోయాక, మిగిలిపోయిన పిల్లల కోసం మేడ మీద నాలుగు గోడలు లేపి, పైన రేకులు పరిచి కట్టిన గది అది. రెండేళ్లపాటు సర్దుకోవడానికని కట్టారు. పదకొండేళ్లయింది. పొద్దున ఎనిమిదికి అక్కడ హాయిగానే ఉంటుంది. పదకొండు దాటాక రేకులు టపటపమని చప్పుడు చేయడం మొదలుపెడతాయి. వేడికి రేకు సాగుతోందని సైన్సు టీచరు చెబితే, "అవి సాగుతున్నాయి టీచర్, మేం వాడిపోతున్నాం," అనేది వెనక బెంచీలోని వకీలమ్మ. ఏ మాటకైనా ఎదురుమాట చెప్పనిదే ఆ పిల్లకు పొద్దు గడవదు. అందుకే ఆ పేరు.

సైన్సు టీచరు ఆ బడికి వచ్చి ఆరేళ్లు. ఆమె ఉద్యోగం ఏడాదికోసారి కాగితం మీద మళ్లీ పుట్టేది. హెడ్మాస్టరు సంతకం పెడితే ఇంకో ఏడాది, లేకపోతే లేదు. అందువల్ల ఆమె బడిలో ఎవరి జోలికీ పోయేది కాదు. స్టాఫ్ రూములో ఆమెకు మెతక మనిషని పేరు.

ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటింది. ఉష్ణం, ఉష్ణోగ్రత పాఠం. టీచరు అగ్గిపుల్ల గీసి పైకెత్తి పట్టుకుంది.

"ఈ మంట ఉష్ణోగ్రత కొన్ని వందల డిగ్రీలు. స్నానానికి తోడుకున్న నీళ్లది నలభై. మరి ఈ అగ్గిపుల్లతో బకెట్టెడు చన్నీళ్లు కాచగలమా?"

"ఎన్ని అగ్గిపెట్టెలు ఇస్తారు టీచర్?" అంది వకీలమ్మ.

అందరితోపాటు టీచరూ నవ్వింది. "సరిగ్గా అడిగావు. ఎంత వేడిగా ఉందన్నది ఒక సంగతి. ఎంత వేడిని ఇవ్వగలదన్నది ఇంకో సంగతి. మొదటిది ఉష్ణోగ్రత. ఎక్కువ వేడిగా ఉన్నదాన్నుంచి తక్కువ వేడిగా ఉన్నదానికి చేరేది ఉష్ణం. చాలామంది రెండూ ఒకటే అనుకుని..."

మూడో బెంచీ దగ్గర ధబ్బుమని చప్పుడైంది. చీమ పడిపోయింది.

ఆ పిల్ల చేతిరాత చీమలబారులా ఉంటుంది కనుక అందరూ చీమ అనేవారు. నోట్లోంచి మాట ఊడిపడటం గగనం. ఇప్పుడు నేల మీద పడి ఉంది, మొహం ఎర్రగా కందిపోయి, ముట్టుకుంటే కాలుతోంది. టీచరూ, ఇద్దరు ఆడపిల్లలూ కలిసి ఆమెను కింది అంతస్తుకు మోసుకొచ్చారు. చల్లటి నేల మీద పడుకోబెట్టి, తడిగుడ్డతో మెడా చేతులూ తుడిస్తే పావుగంటకు కళ్లు తెరిచింది.

"పొద్దున ఏమన్నా తిన్నావా అమ్మా?" అని అడిగాడు హెడ్మాస్టరు. ఆయన చెడ్డవాడు కాదు. రిటైరవడానికి రెండేళ్లు ఉంది, ఈ రెండేళ్లూ ఏ గొడవా లేకుండా గడిస్తే చాలనుకునే మనిషి. చీమ అప్పటికింకా ఈ లోకంలోకి రాలేదు. ఊరికే చూసింది. ఆయన తల పంకించి ప్రమాదాల రిజిస్టరు తెరిచి రాశాడు: విద్యార్థిని ఉదయం ఆహారం తీసుకోనందువల్ల నీరసించి పడిపోయింది.

మర్నాడు పొద్దున చీమ తల్లి వచ్చింది. ఆమె బేకరీలో ఓవెన్ల దగ్గర పనిచేస్తుంది. తెల్లవారుజామున మొదలైన పని మధ్యలో వదిలి వచ్చినట్టుంది, మోచేతుల దాకా పిండి. ఆ పిండి కింద ముంజేతుల నిండా పాత వాతలు. హెడ్మాస్టరు గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"నా కూతురు తినలేదని ఎవరు చెప్పారు సార్ మీకు?"

"కూర్చోండమ్మా. మామూలుగా పిల్లలు ఇలా పడిపోతే..."

"మామూలు పిల్లల సంగతి నాకొద్దు. నా పిల్ల సంగతి చెప్పండి. మూడు రొట్టె ముక్కలు, గుడ్డు, గ్లాసుడు పాలు. బేకరీలో నా కళ్ల ముందు తింది. నేను చేసిన రొట్టె ఊరంతా తింటుంది సార్. నా పిల్లను పస్తు పెట్టి బడికి పంపించానని మీ పుస్తకంలో రాస్తారా?"

"అలా అని కాదమ్మా. ఏదో ఒక కారణం రాయాలి కదా."

"ఏదో ఒకటి ఎందుకు? ఉన్నది రాయండి. ఆ మాట కొట్టేయండి."

"రిజిస్టరులో రాసింది కొట్టేయడానికి వీల్లేదు."

"తప్పు రాయడానికి మాత్రం వీలుందా?"

హాజరు పుస్తకం తీసుకోవడానికి వచ్చిన సైన్సు టీచరు ఇదంతా విన్నది. పక్కన చీమ నిలబడి ఉంది. తల్లి గొంతు పెరిగిన కొద్దీ ఆ పిల్ల గడ్డం గుండెల్లోకి దిగిపోతోంది. ఆరేళ్లలో మొదటిసారి టీచరు నోరు తనంతట తనే తెరుచుకుంది.

"సార్, ఆ గది బాగా వేడిగా ఉంటుంది. దానివల్లే అయ్యుండొచ్చు."

హెడ్మాస్టరు తన వెనక గోడకు తగిలించిన థర్మామీటరు చూపించాడు. "నిన్న రెండింటికి ఇక్కడ ముప్ఫై మూడు. మీ గదిలో ఎంతుంటుంది? ముప్ఫై ఆరు. మూడు డిగ్రీలకే మనుషులు పడిపోతే ఇంక బడులు నడిచినట్టే. వెళ్లి పాఠం చెప్పుకోండి."

చీమ తల్లి టీచరు వంక చూసింది. ఇంకేమన్నా అంటుందేమోనని ఒక్క క్షణం ఆగింది. టీచరు హాజరు పుస్తకం అందుకుంది. తల్లి కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఆ చూపు టీచరును ఆ రోజంతా వదల్లేదు.

మధ్యాహ్నం ఆమె ల్యాబులోంచి థర్మామీటరు తెచ్చి పెనం గది నడిమధ్య వేలాడదీసింది. రెండింటికి చూస్తే సరిగ్గా ముప్ఫై ఆరు. హెడ్మాస్టరు చెప్పింది అక్షరాలా నిజం. టీచరుకు ఉసూరుమంది.

"మరైతే ఇంత ఉక్కగా ఎందుకుంది టీచర్?" అంది వకీలమ్మ. "నిన్న సాయంత్రం మా వీధిలో కూడా ముప్ఫై ఆరే ఉందన్నారు. అక్కడ తాడాట ఆడాం. ఇక్కడ కూర్చుంటే నా తల మీద ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టినట్టుంది."

టీచరు థర్మామీటరునూ పిల్లల్నీ మార్చి మార్చి చూసింది. "నాకు తెలీదు," అంది. "కనుక్కుంటాను."

టీచరు తెలీదనడం ఆ తరగతి ఎప్పుడూ వినలేదు. ఎవరూ నవ్వలేదు.

బడి వదిలాక ఆమె బేకరీకి వెళ్లింది. పొద్దున నోరు మూసుకున్నందుకు చీమ తల్లికి క్షమాపణ చెప్పాలని. వెనక వైపు గదిలో మనిషెత్తు ఓవెన్లు రెండు. చీమ తల్లి పొడవాటి చెక్కతెడ్డుతో రొట్టెల పళ్లాలు లోపలికి తోస్తోంది.

"నేను మాట్లాడాల్సింది. మాట్లాడలేదు," అంది టీచరు. "కానీ మీ అమ్మాయి ఆకలితో పడిపోలేదని నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదక్కా. థర్మామీటరు ముప్ఫై ఆరే చూపిస్తోంది."

చీమ తల్లి తెడ్డు గోడకానించి ఓవెను ముందున్న ముల్లు చూపించింది. "ఇదేమంటోంది?"

"రెండు వందల ఇరవై."

"పైఅరలోనూ అంతే, కింది అరలోనూ అంతే. లోపల గాలి అంతా ఒక్కలా ఉంటుంది. కానీ పైఅరలో పెట్టిన రొట్టె పైభాగం మాడుతుంది, కింది అరలోది మాడదు. ఎందుకో చెప్పండి. మీరు చదువుకున్నారు కదా."

టీచరు ఓవెను లోపలికి తొంగిచూసింది. మొహం మీద సెగ కొట్టింది. పైకప్పు ఇనుపరేకు.

"గాలి కాదు టీచర్‌గారూ," అంది చీమ తల్లి. "కప్పు. కప్పు కాలుస్తుంది. పద్దెనిమిదేళ్లుగా దీని ముందు నిలబడుతున్నాను, వేడి సంగతి నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు."

టీచరు అక్కడే ఉన్న పిండి బస్తా మీద కూర్చుండిపోయింది. సిగ్గేసింది. వికిరణం అన్న మాట ఆ పాఠంలోనే ఉంది, పన్నెండో పేజీలో. ఏటా బోర్డు మీద రాసేది. ఏ పదార్థం సాయమూ లేకుండా ఉష్ణం ప్రయాణించే పద్ధతి అని పిల్లలచేత బట్టీ కొట్టించేది. తల మీద రేకులు కాలి కాలి కిందున్న నలభై ఆరు బుర్రల మీదికి వేడిని కుమ్మరిస్తుంటే, తను గాలిని కొలిచి ఊరుకుంది.

"అక్కా," అంది, "మీరు రేపు వచ్చి నా బదులు పాఠం చెప్పాలి."

"రేపు నాకు మూడు వందల రొట్టెలున్నాయి," అంది చీమ తల్లి. కానీ మొదటిసారి నవ్వింది.

గాలిది కాక చుట్టూ ఉన్నవాటి సెగ కూడా తెలియాలంటే పలుచటి లోహపు గోళం కావాలి. దానికి మెరుపు లేని నల్లరంగు వేసి, లోపల థర్మామీటరు పెట్టాలి. నలుపు సెగను పీల్చుకుంటుంది. పుస్తకంలో బొమ్మ ఉంది. వస్తువు బడిలో లేదు. టీచరు భర్త కుళాయిల మేస్త్రి. సాయంత్రం టీ తాగుతూ ఆమె చెప్పింది విని, లేచి తన సామాన్ల పెట్టె కెలికాడు. పాతకాలపు నీళ్ల ట్యాంకుల్లో, ట్యాంకు నిండగానే పైకి తేలి నీళ్లు ఆపే రాగి బంతులు రెండు బయటికి తీశాడు.

"ఇప్పుడన్నీ ప్లాస్టిక్కువే. ఎప్పటికైనా పనికొస్తాయని దాచాను. నువ్వు నన్ను పాత ఇనపసామాన్లవాడని దెప్పేదానివి, గుర్తుందా?"

"ఇవాళ్టికి ఆ మాట వెనక్కి తీసుకుంటాను లెండి."

ఆయన బంతిని చేతిలో తిప్పి చూశాడు. "ఇది హెడ్మాస్టరుకు నచ్చదు. నీ కాగితం వచ్చే నెల్లోనే కదా?"

"అవును."

"సరే. కన్నం కొంచెం పెద్దది చేసిస్తాను, థర్మామీటరు దూరేలా."

మర్నాడు పిల్లలు నల్లబల్లకు వేసే రంగు ఆ బంతులకు పూశారు. ఒకదాన్ని పెనం గదిలో, కూర్చుంటే తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో వేలాడదీశారు. రెండోదాన్ని హెడ్మాస్టరు గదిలో పెడతామంటే ఆయన, "పాఠంలో భాగమేనా?" అని అడిగి, అవునన్నాక సరేనన్నాడు. పిల్లలు మంచి పని ఏదో చేస్తున్నారని సంబరపడ్డాడు కూడా.

రెండు గంటలకు ఆయన గదిలో గాలి ముప్ఫై మూడు, నల్ల బంతి ముప్ఫై మూడున్నర. పెనం గదిలో గాలి ముప్ఫై ఆరు, నల్ల బంతి నలభై మూడు.

చీమ ఆ అంకెలు రాసుకుంది. రాసి, పెన్ను కింద పెట్టి, ఆ నలభై మూడు వంక చాలాసేపు చూసింది. తను అబద్ధం కాదని ఆ అంకె చెబుతున్నట్టుంది.

పది రోజులు కొలిచారు. రోజూ పన్నెండుకు, ఒంటిగంటకు, రెండింటికి, మూడింటికి. పిల్లలు వంతులు వేసుకున్నారు. చీమలబారు అక్షరాలతో పెద్ద చార్టు తయారైంది. దాన్ని అందరూ ఎక్కిదిగే మెట్ల గోడకు అంటించారు. చివర్న వకీలమ్మ ఎర్ర సిరాతో ఒక వాక్యం చేర్చింది: ఇది ఆకలి కాదు.

పదకొండో రోజు పొద్దున చార్టు లేదు.

"నేనే తీయించాను," అన్నాడు హెడ్మాస్టరు. ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. "తల్లిదండ్రులు వచ్చి అడుగుతున్నారు. పాఠం చెప్పమంటే బడి పరువు తీస్తారా? అయిపోయింది, ఇక ఆపండి."

"పాఠమే చెబుతున్నాను సార్. పన్నెండో పేజీ."

"పన్నెండో పేజీలో మన బడి పేరుందా?"

ఆ రోజు థర్మామీటర్లన్నీ ల్యాబు బీరువాలోకి వెళ్లి తాళం పడింది. నల్ల బంతులు ఆ గదిలోనూ ఈ గదిలోనూ గుడ్డి కళ్లలా వేలాడాయి. మధ్యాహ్నం టీచరు పైకి వెళ్లేసరికి బోర్డు మీద అప్పుడే అంకెలున్నాయి. గాలి ముప్ఫై ఏడు, బంతి నలభై నాలుగు.

"ఎక్కడిది?" అంది.

చీమ లేచి నిలబడింది. చేతిలో సన్నటి ఇనుప పుల్లలాంటి థర్మామీటరు. పిండి ఎంత వెచ్చగా ఉందో చూడటానికి బేకరీలో వాడేది. "అమ్మ ఇచ్చింది టీచర్. వాళ్ల యజమానిని అడిగే ఇచ్చింది," అంది. ఇంకా ఏదో చెప్పాలనుకుని, చెప్పింది. "తాళం మన బీరువాకే కదా టీచర్."

టీచరు బోర్డు మీది అంకెలు చెరపలేదు. వాటి కింద గీత గీసి ఆ రోజు పాఠం మొదలుపెట్టింది.

రెండు రోజులకు మెమో వచ్చింది. విద్యార్థులను రెచ్చగొట్టి క్రమశిక్షణకు భంగం కలిగించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసినది. మెమో చేతికిచ్చి హెడ్మాస్టరు తలుపు దగ్గరికి వేశాడు.

"చూడమ్మా, నా కూతురి వయసు దానివి. పొరపాటైంది, ఇకమీదట జరగదు అని రెండు ముక్కలు రాసివ్వు. మెమో చించేస్తాను. నీ కాగితం మీద సంతకం పెడతాను. ఎవరికీ నష్టం లేదు."

"చీమకి ఉంది కదా సార్. వాళ్లమ్మకి ఉంది."

"ఒక్క వాక్యం పట్టుకుని ఇంత రాద్ధాంతమా?"

"ఒక్క వాక్యమే కదా సార్. మీరు కొట్టేయొచ్చుగా."

కొట్టేస్తే గది కారణమని ఒప్పుకోవాలి. గది కారణమైతే ఇన్నేళ్లూ పిల్లల్ని అందులో ఎందుకు కూర్చోబెట్టారని పైవాళ్లు అడుగుతారు. ఆ సంగతి ఆయనా చెప్పలేదు, ఆమే అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

సంజాయిషీ ఆమె ఒక్క పేజీలో రాసింది. పై సగంలో పదకొండు రోజుల అంకెలు. కింది సగంలో మూడే మూడు మాటలు. పాఠం చెప్పడం పొరపాటు కాదు కనుక క్షమాపణ చెప్పను. రిజిస్టరులో రాసిన కారణం తప్పు, దాన్ని సరిదిద్దాలి. ఎండాకాలం అయ్యేదాకా పన్నెండు నుంచి మూడున్నర వరకు ఆ గదిలో ఎవరినీ కూర్చోబెట్టకూడదు. అడుగున సంతకం పెట్టి, ఒక నకలు విద్యాశాఖ కార్యాలయానికి పంపింది. కవరు తనే తీసుకెళ్లి పోస్టు డబ్బాలో వేసింది.

వారానికి విద్యాశాఖ అధికారి వచ్చాడు. పొడుగు చేతుల చొక్కా, మెడ దాకా బొత్తాలు, చంకలో ఫైలు. వచ్చింది పదిన్నరకు. పెనం గదిలోకి వచ్చి నడిమధ్య నిలబడి నాలుగు దిక్కులా చూశాడు. కిటికీలోంచి గాలి వీస్తోంది. తనిఖీ కోసం బీరువా తాళం తీసి థర్మామీటర్లు మళ్లీ తగిలించారు. నల్ల బంతి ముప్ఫై రెండు చూపిస్తోంది.

"బాగానే ఉందే," అన్నాడు. హెడ్మాస్టరు ఊపిరి పీల్చుకున్నాడు.

"రెండింటి దాకా ఉండండి సార్," అంది టీచరు.

"నాకు ఇంకో మూడు బళ్లున్నాయి."

"అవి రేపు చూడొచ్చు."

అధికారి కళ్లజోడు పైనుంచి ఆమెను చూశాడు. "మీరు మీ మెమోకు జవాబిచ్చే స్థితిలో ఉన్నారు. నాకు కార్యక్రమం వేసే స్థితిలో కాదు."

హెడ్మాస్టరు ఆయనకు దారి చూపించబోయాడు. అప్పుడు మూడో బెంచీలో చీమ లేచింది. నలభై ఐదుమంది తలలు తిప్పి చూశారు.

"సార్," అంది. గొంతు సన్నగా ఉంది కానీ తడబడలేదు. "నేను పడిపోయింది పదిన్నరకి కాదు."

అధికారి ఆగాడు.

"రెండూ పదికి," అంది చీమ. "మీరు పదిన్నరకి చూసి వెళ్లిపోతే, నేను అన్నం తినక పడిపోయినట్టే అవుతుంది. మా అమ్మ రోజూ మూడింటికి లేచి రొట్టెలు చేస్తుంది. ఆవిడ మీద అలా రాశారు. మీరు రెండింటికి కూర్చుంటే చాలు. ఏం మాట్లాడక్కర్లేదు. కూర్చోండి."

అధికారి ఫైలు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. చేతిగడియారం చూసుకున్నాడు. హెడ్మాస్టరు వైపు తిరిగి, "తాగడానికి ఏమన్నా ఉందా కింద?" అన్నాడు. అంటే ఉంటానని.

రెండింటికి ఆయన రెండో బెంచీలో, ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. పక్క బెంచీలో హెడ్మాస్టరు. రేకులు టపటపలాడుతున్నాయి. టీచరు ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. ఆ రోజు చెప్పాల్సిన పాఠమే చెప్పింది. నీళ్లు వేడెక్కడానికి ఇసుక కంటే ఎక్కువ ఉష్ణం ఎందుకు కావాలో చెప్పింది. ప్రశ్నలు అడిగింది, లెక్క ఇచ్చింది. లెక్క అధికారికి కూడా ఇచ్చింది. ఆయన మొదట నవ్వాడు, తర్వాత జేబులోంచి పెన్ను తీశాడు.

పది నిమిషాలకు ఆయన మెడ బొత్తాం విప్పాడు. పదిహేనుకు చొక్కా చేతులు పైకి మడిచాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. లెక్కలో మూడో మెట్టు దగ్గర పెన్ను ఆగిపోయింది. కాగితం మీద చెమట చుక్క పడి అంకె చెదిరింది. పక్కన కూర్చున్న పిల్ల మాట్లాడకుండా తన విసనకర్రను, అంటే మడిచిన అట్టముక్కను, ఆయన వైపు జరిపింది. హెడ్మాస్టరు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పదకొండేళ్లలో మధ్యాహ్నంపూట ఆ గదిలో ఆయన ఐదు నిమిషాలకు మించి ఉన్నది లేదు.

ఇరవై ఆరో నిమిషంలో అధికారి లేచి నిలబడి బెంచీ పట్టుకున్నాడు. తల తిరిగినట్టుంది.

"ఇంకా పంతొమ్మిది నిమిషాలుంది సార్," అంది వకీలమ్మ.

"కూర్చో," అంది టీచరు ఆమెతో. కానీ గొంతులో కోపం లేదు. అధికారిని చూసి, "నీళ్లు తాగండి సార్. మేం రోజూ మధ్యాహ్నమంతా ఇక్కడే ఉంటాం," అంది.

ఆయన నల్ల బంతి దగ్గరికి వెళ్లి దాని అంకె స్వయంగా చదివాడు. నలభై నాలుగున్నర. గాలి థర్మామీటరు కూడా చదివాడు. రెండూ తన ఫైల్లో రాసుకున్నాడు. "ఈ గది ఇవాళ్టి నుంచి మూసేయండి," అన్నాడు హెడ్మాస్టరుతో. "ఇప్పుడే. వీళ్లని కిందికి పంపించండి."

పిల్లలు గోల చేయలేదు. పుస్తకాలు సర్దుకుని, బెంచీలు కూడా మోసుకుని దిగారు. గ్రంథాలయం గదిలో సగం వాళ్లకిచ్చారు. మిగతా సగంలో ఏడో తరగతి. మధ్యలో పుస్తకాల అల్మరాలు అడ్డం. అటు వాళ్లు గట్టిగా చదివితే ఇటు వాళ్లకు వినపడేది. ఇరుకే, కానీ ఎవరూ పడిపోలేదు.

అధికారి నివేదికలో వసతుల కొరత అని ఒక పేరా ఉంది. టీచరు ప్రస్తావన లేదు. మెమో రద్దు చేశామని కూడా లేదు. అది ఆమె ఫైల్లో అలాగే ఉండిపోయింది. రిజిస్టరు మాత్రం తెరిచారు. హెడ్మాస్టరు పాత వాక్యం మీద గీత కొట్టి, కిందే తన చేత్తో రాశాడు: రేకుల గదిలో అధిక వేడి వల్ల విద్యార్థిని స్పృహ తప్పింది. ఆమె ఆహారం తీసుకునే వచ్చింది. పక్కన సంతకం, తేదీ. చీమ తల్లిని పిలిపించి చూపించారు. ఆమె వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది, ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత హెడ్మాస్టరు వైపు చూసి, "ఇది రాయడానికి నెల పట్టింది సార్," అంది. థాంక్స్ చెప్పలేదు. ఆయనా ఆశించలేదు.

ఇంకో వారానికి టీచరుకు కబురొచ్చింది. ఏడాది కాగితం వచ్చింది, సంతకం పెట్టాలని. ఆమె హెడ్మాస్టరు గదిలో నిలబడే చదివింది. ఎప్పుడూ ఉండే ఏడు నిబంధనల కింద ఎనిమిదోది కొత్తగా ఉంది. విద్యార్థులతో పాఠ్యేతర కొలతలు, ప్రదర్శనలు చేయించబోనని ఇందుమూలంగా అంగీకరిస్తున్నాను.

"ఇది తీసేసి మళ్లీ టైపు చేయించండి సార్," అంది.

"పైనుంచి వచ్చిన నమూనా అమ్మా."

"అలాగైతే పైకే పంపండి. దీని మీద సంతకం పెట్టను."

"పెట్టకపోతే రేపటి నుంచి నువ్వు రాలేవు. తెలుసా?"

"తెలుసు. ఇవాళ ఆరో పీరియడు ఉంది. అది చెప్పి సాయంత్రం నాలుగున్నర దాకా స్టాఫ్ రూములో ఉంటాను. ఆలోచించుకోండి."

కాగితం బల్ల మీద పెట్టి వెళ్లింది. ఆరో పీరియడులో ధ్వని పాఠం మొదలుపెట్టింది. అల్మరాల అవతల ఏడో తరగతి పద్యం వల్లె వేస్తుంటే, అడ్డు దాటి శబ్దం ఎలా వస్తుందో చెప్పడానికి అదే పనికొచ్చింది. వకీలమ్మ లేచి, "టీచర్, వాళ్లు తప్పు చదువుతున్నారు, మనం చెప్పొచ్చా?" అంది. చెప్పండి అంది టీచరు. నలభై ఆరుమందీ కలిసి సరైన పాదం అందుకున్నారు. అవతల ఒక్కసారిగా నిశ్శబ్దమైంది, తర్వాత నవ్వులు.

నాలుగున్నరకు ఆమె హెడ్మాస్టరు గదికి వెళ్లింది. గుమాస్తా ఇంటికెళ్లిపోయాడు. హెడ్మాస్టరు తనే టైపు మిషను ముందు కూర్చుని, రెండు వేళ్లతో ఒక్కో అక్షరం వెతికి కొడుతున్నాడు. ఏడో నిబంధన దగ్గరున్నాడు. తల ఎత్తకుండా, "కూర్చో. ఇంకో అరగంట పడుతుంది," అన్నాడు.

"అక్కడ చుక్క పెట్టేయండి సార్," అంది టీచరు. "ఏడుతో అయిపోయింది."

ఆయన చుక్క పెట్టాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.